నా కుడికంటి మీద సిందూరం

నేను ఒక పెట్టెను. ట్రంకు పెట్టెను కాదు, ఇనప్పెట్టెను కాదు. దయచేసి ఓవెన్ అని మాత్రం అనకండి, నిన్న ఒక పెద్దమనిషి తన కూతురికి నన్ను అలాగే పరిచయం చేసి పోయాడు. నాది అల్యూమినియం ఒళ్లు. లోపల జెనాన్ అనే వాయువు, ఆ వాయువులో వెంట్రుక కన్నా సన్నటి తీగలు, ముందువైపు పక్కపక్కనే రెండు కిటికీలు. ఆ కిటికీలే నా కళ్లు. ఎక్స్‌రే కిరణం ఏదైనా కంట్లోంచి లోపలికి వచ్చి వాయువును తాకితే తీగలో చిటికెడు కరెంటు పుడుతుంది. అలా పుట్టినప్పుడల్లా లెక్కపెట్టుకోవడమే నా ఉద్యోగం.

ఇప్పుడు ఉద్యోగం లేదు. హైదరాబాదులో ఒక విజ్ఞాన ప్రదర్శనశాలలో, అద్దం వెనక, ఎండిపోయిన పుట్టగొడుగుల బీరువాకీ పాత టైపు మిషనుకీ మధ్య కూర్చోబెట్టారు. నా కింద ఒక బోర్డు తగిలించారు: 'కృష్ణబిలాన్ని చూసిన పరికరం'. ఆ బోర్డు చదివినప్పుడల్లా నాకు అరికాలి మంట నెత్తికెక్కుతుంది. చూడలేదు మహాప్రభో! దాన్ని చూడలేం, అదే కదా దాని గొప్ప! వెలుగును కూడా బయటికి వదలని దాన్ని నేనేం చూస్తాను, నా మొహం! పిల్లలు వచ్చి, "బ్లాక్ హోల్ ఇందులో ఉందా?" అని అడుగుతారు. కాపలా మనిషి, "లోపలుంది, అద్దం ముట్టుకోకండి" అంటాడు. ఇన్నేళ్ల నా చాకిరీ ఆ ఒక్క మాటతో గంగలో కలుస్తుంది.

సరే, మీరైనా వినండి. మీ వీధిలో ఒక ఇల్లుంది అనుకోండి. తలుపు ఎప్పుడూ మూసే ఉంటుంది, దీపం వెలగదు, మనిషి కనపడడు. కానీ గుమ్మంలో పెట్టిన పాల ప్యాకెట్టు రోజూ మాయమవుతుంది. ఆ ఇంట్లో ఎవరో ఉన్నారని చెప్పడానికి తలుపు బద్దలు కొట్టాలా? అక్కర్లేదు. ఆకాశంలోనూ అంతే. హంస మండలంలో ఒక పెద్ద నీలి నక్షత్రం ఉంది. చూడటానికి ఒంటరిది, నడక మాత్రం ఒంటరిదానిలా ఉండదు. పక్కన ఎవరో ఉన్నట్టు, ఆ ఎవరితోనో చేతులు పట్టుకుని తిరుగుతున్నట్టు గుండ్రంగా తిరుగుతుంది. ఆ తిరుగుడు వేగాన్ని కొలిస్తే కనపడని తోడు బరువెంతో తేలుతుంది. సూర్యుడికి ఎన్నో రెట్లు! అంత బరువున్నది మామూలు నక్షత్రమైతే ధగధగా వెలగాలి. వెలగదు.

పైగా ఆ తోడు ఊరికే ఉండదు. నక్షత్రం ఒంటి మీది వాయువును లాక్కుంటుంది. ఆ వాయువు తిన్నగా వెళ్లి పడదు, సుడి తిరుగుతూ, ఒకదాన్నొకటి రాసుకుంటూ లక్షల డిగ్రీలకు వేడెక్కుతుంది. మాయమయ్యే ముందు ఎక్స్‌రేలు కక్కుతుంది. నేను పట్టుకునేది ఆ కిరణాలనే. నాకు తెలిసేది తిండి చేసే చప్పుడే గాని, తినేవాడి మొహం కాదు. ఆ కిరణాలు నిలకడగా ఉండవు, రెప్పపాటు కన్నా తొందరగా హెచ్చుతూ తగ్గుతూ మినుకుమంటాయి. అందులోనే అసలు కిటుకు ఉంది. పెద్ద ఊరేగింపులో ముందున్నవాడు ఆగితే ఆ సంగతి వెనకవాడికి చేరడానికి కాస్త సమయం పడుతుంది, నలుగురే ఉన్న గుంపైతే వెంటనే తెలిసిపోతుంది. అంత చురుగ్గా మినుకుమంటోందంటే ఆ చోటు చాలా చిన్నదన్నమాట. అంత బరువు అంత చిన్న చోట్లో ఇమిడిందంటే దాని పేరు కృష్ణబిలం. ఇంతే సంగతి. బోర్డు మీద ఇది రాయడానికి వాళ్లకేం నొప్పి?

నన్ను ఊహించింది కాత్యాయని. బందరు నుంచి వచ్చి హైదరాబాదులో ఒక పరిశోధన సంస్థలో చేరిన భౌతిక శాస్త్రవేత్త. మనిషి బక్కపలచన, పట్టుదల మాత్రం ఉడుంపట్టు. హంస మండలంలోని మినుకును అంతకుముందే వేరే దేశాలవాళ్లు పట్టారు. ఇంకా ఎక్కువ శక్తి ఉన్న కిరణాల్లోనూ అదే మినుకు ఉందా అన్నది ఆమె ప్రశ్న. దానికోసం నన్ను ఆకాశంలోకి పంపడానికి సంస్థ ఆమెకు ఒక్కటంటే ఒక్క ప్రయాణం మంజూరు చేసింది. అది తప్పిపోతే మళ్లీ అడిగే ముఖం ఉండదు.

నన్ను చేతులారా చేసింది రాజలింగం. వర్క్‌షాపుకు పెద్ద, వేములవాడ వైపు మనిషి. నా తీగలు కట్టేటప్పుడు ఫ్యాను ఆపించేవాడు. ఎవరైనా తుమ్మితే బయటికి పంపేవాడు. ఒక్కో తీగకూ ఒకే బిగువు రావాలని చివర చిన్న బరువు వేలాడదీసి, ఊపిరి బిగబట్టి అతికేవాడు. ఒకటి రవ్వంత వదులుగా ఉందని అనుమానమొచ్చి వరస మొత్తం విప్పి మళ్లీ కట్టాడు. తిట్టుకున్నాను గాని, ఆ పనితనం చూస్తే ముచ్చటేసింది, అబద్ధమెందుకు?

ఎక్స్‌రేలను మన గాలి కిందికి రానివ్వదు. అందుకని నన్ను గాలి పల్చబడేంత ఎత్తుకు తీసుకుపోవాలి. దానికో పెద్ద ప్లాస్టిక్ బెలూను, దాని కింద గొలుసు, గొలుసుకు నేను. ఎగరేసే రోజు పొద్దున్నే మైదానంలో అందరూ చేరారు. నా ముఖానికి చలి తగలకుండా పల్చటి మెరిసే రేకు తొడిగారు. ఎక్స్‌రేలకు ఆ రేకు ఉన్నా లేనట్టే. అప్పుడు రాజలింగం స్నానం చేసి, ఇస్త్రీ చొక్కా వేసుకుని, ఆకు దొన్నెలో సిందూరం పట్టుకొచ్చాడు. హనుమంతుడి గుడిది, నూనెలో చిక్కగా కలిపింది. ప్రతి పరికరానికీ ఎగిరేముందు ఆయన బొట్టు పెట్టాల్సిందే, అది ఆ మైదానం ఆనవాయితీ. ఆయన బొట్టు పెట్టిన ఏ పరికరమూ దారి తప్పలేదట.

బొట్టంటే వేలితో పెట్టే బొట్టు అనుకునేరు! అరచేతినిండా తీసుకుని రేకు మీద నా కుడికంటికి సరిగ్గా ఎదురుగా పట్టువేసినట్టు పులిమాడు. కుడివైపు శుభమట. దండిగా పెడితే హనుమంతుడు దండిగా కాపాడుతాడట. ఆ సిందూరంలో సీసం ఉందని ఎవరికీ తట్టలేదు. ఆస్పత్రిలో ఎక్స్‌రే తీసేవాళ్లు ఒంటికి సీసం పొదిగిన గౌను ఎందుకు తొడుక్కుంటారో చిన్న పిల్లలకు కూడా తెలుసు. అక్కడ చేరినవాళ్లందరూ ఎక్స్‌రేల మీద పెద్ద చదువులు చదివినవాళ్లే. అందరూ బొట్టు చూశారు, అందరూ దండం పెట్టారు. కాత్యాయని చెంపలు కూడా వేసుకుంది. డైరెక్టరు చిదంబరరావు గారు కొబ్బరికాయ కొట్టారు. నాకు నోరుంటే ఆ మైదానం అదిరిపోయేలా అరిచేదాన్ని.

పైకి వెళ్లాను. కింద పగలు, పైన ఆకాశం నల్లగా ఉంది. హంస మండలం వైపు తిరిగి కిరణాలు లెక్కపెట్టడం మొదలుపెట్టాను. ఎడమకన్ను హాయిగా పనిచేస్తోంది. కుడికన్ను ముందు హనుమంతుడు అడ్డంగా నిలబడ్డాడు. శక్తి తక్కువున్న మెత్తటి కిరణాలు చాలావరకు సిందూరంలోనే ఆగిపోయాయి, శక్తి ఎక్కువున్న గట్టివి కొన్ని తోసుకొచ్చాయి. మినుకు మాత్రం రెండు కళ్లకూ తెలుస్తూనే ఉంది. ఏం చేయను? వచ్చినవి వచ్చినట్టు లెక్కగట్టి కిందికి పంపాను.

పనయ్యాక బెలూను తెంచేశారు. పారాచూటుతో తాండూరు దాటాక ఒక జొన్నచేలో పడ్డాను. గాలికి పారాచూటు గుర్రం బండిని లాగినట్టు నన్ను లాక్కుపోయింది. జనం మూగారు. నా వీపు మీద 'భయపడకండి, ఈ చిరునామాకు కబురు చేయండి' అని మూడు భాషల్లో రాసి ఉంది. ఒక్కరూ చదవలేదు, బాంబు అనుకుని దూరంగానే నిలబడ్డారు. ఆ చేను మాణెమ్మది. ఆమెకు భయం కన్నా కోపం ఎక్కువ.

"నా జొన్న మీద పడనీకి ఆకాశంల జాగ లేకుండెనా నీకు?" అని నన్ను నిలదీసింది. తర్వాత నా ముఖానికున్న రేకు కళ్లు చెదిరేలా మెరుస్తుంటే చూసి, చేనుకు పిట్టల బెదురు కట్టడానికి పనికొస్తుందని ఊడదీసుకుని పోయింది. కాత్యాయని వాళ్ల జీపు వచ్చేసరికి నా ముఖం బోసిగా ఉంది. పోయింది చిరిగిన రేకే కదా అని ఎవరూ పట్టించుకోలేదు.

ఇక మొదలైంది నా యమయాతన. లెక్కలు విప్పి చూస్తే ఎడమకన్ను ఒకటి చెబుతోంది, కుడికన్ను ఇంకొకటి చెబుతోంది. కళ్లు రెండూ ఒకేలా చేసినవి, ఒకే చోటికి చూసినవి, ఒకే మాట చెప్పాలి. కుడికన్ను తక్కువ చూసింది. కాత్యాయని మొహం వాడిపోయింది. తోటివాళ్ల సమావేశంలో చిదంబరరావు గారు కళ్లద్దాలు నుదుటి మీదికి తోసి, "సొంత కళ్లే ఒకదానితో ఒకటి ఒప్పుకోని పరికరం మినుకు చూసిందంటే నమ్మాలా?" అన్నారు. నిజంగానే ఎలా నమ్ముతారు? మినుకు రెండు కళ్లలోనూ ఒకేసారి ఉందని ఆమె ఎంత మొత్తుకున్నా, ముందు ఈ తేడా ఎందుకొచ్చిందో చెప్పమన్నారు. చెప్పకపోతే ఆమె పరిశోధన పేపరు అచ్చుకు పోదు.

నన్ను బల్ల మీద పెట్టి పరీక్ష చేశారు. ముందు కిరణాలిచ్చే చిన్న బిళ్ల పెట్టి చూస్తే రెండు కళ్లూ ఒకేలా లెక్కపెట్టాయి. పెట్టక ఏం చేస్తాయి, అడ్డం లేదు కదా! ఈసారి చిదంబరరావు గారికి ఒక సిద్ధాంతం తట్టింది. పైన చలికి కుడివైపు తీగలు వదులయ్యాయట, కిందికి రాగానే మళ్లీ బిగిశాయట. తీగలు కట్టిన చేతిదే లోపమట. రాజలింగానికి వయసు మీదపడింది, చెయ్యి వణుకుతోంది, ఇక తీగల పని వేరేవాళ్లకు అప్పజెప్పండి అన్నారు. కొన్ని నెలల్లో రిటైరయ్యే మనిషిని తన వర్క్‌షాపులోనే సామాన్లు లెక్కపెట్టే బల్ల దగ్గర కూర్చోబెట్టారు. ఆయన ఎవరితోనూ వాదించలేదు. ఒకసారి నా దగ్గరికి వచ్చి రెండు చేతులూ చాచి నా మీద పెట్టి చూసుకున్నాడు. అవి వణకడం లేదు, నేను సాక్షిని. నా సాక్ష్యం ఎవరికి కావాలి?

నన్ను విప్పారు, బిగించారు, ఐసుగడ్డల మధ్య పెట్టారు. లోపలి వాయువు మార్చారు. నా ముఖం దగ్గర ముఖం పెట్టి గంటల తరబడి తేరిపార చూశారు. ఎన్నో వేల ఏళ్ల కింద బయలుదేరిన కిరణాన్ని పట్టుకుని దాని వెనక కనపడనిదేదో ఉందని చెప్పగల బుర్రలు, తమ కళ్లముందే అరచేతితో పులిమిన ఎర్రటి ముద్దను గుర్తుచేసుకోలేకపోయాయి. విసుగెత్తి పోయింది.

చివరికి కాత్యాయనికే బుద్ధి వెలిగింది, అదీ చాలా ఆలస్యంగా. తీగ వదులైతే కిరణాల శక్తి లెక్కలన్నీ పక్కకు జరగాలి. ఇక్కడ ఏదీ పక్కకు జరగలేదు. మెత్తటివి ఎక్కువ పోయాయి, గట్టివి తక్కువ పోయాయి. మధ్యలో ఏదో బరువైన పదార్థం నిలబడితేనే అలా జరుగుతుంది. అది పైన ఉంది, కింద లేదు. అంటే అది రేకు మీదే ఉండాలి. అడ్డమొచ్చిన వస్తువు ఇప్పుడు కనపడదు, దాని నీడ మాత్రం లెక్కల్లో ఉంది. హంస మండలం దగ్గర చేసిన ఆలోచనే ఇది, ఆమె దాన్ని ఇంటి దగ్గర చేయడానికి ఇన్నాళ్లు పట్టింది! ఏ మంచో పేరుకుందనో, ఏ రంగో అంటిందనో అనుకుంటూ రేకు వెతుక్కుంటూ మాణెమ్మ ఊరికి పోయింది.

అక్కడేం జరిగిందో తర్వాత ఆమె రాజలింగానికి చెబుతుంటే విన్నాను. రేకులో చాలా భాగం ముక్కలై చేను చుట్టూ పుల్లలకు వేలాడుతోందట. కాత్యాయని అడిగిందట, "ఈ రేకు మీద ఏమైనా మరక ఉందా అమ్మా, మీరు తీసుకున్నప్పుడు?"

"మరకేం లేకుండె. అద్దం లెక్క తళతళ మెరుస్తుండె" అందట మాణెమ్మ.

"బాగా గుర్తు చేసుకోండి. ఏదైనా నల్లగా, జిడ్డుగా?"

"ఏం లేదంటున్న గదమ్మా. మళ్ల మళ్ల అడుగుతవేంది? కావాల్నంటే ఇంకో ముక్క ఇంట్ల ఉంది, జూస్కో."

ఇంట్లో గోడకున్న దేవుడి పటం ముందు రేకు ముక్క నిలబెట్టి ఉంది. దాని నిండా ఎర్రటి సిందూరం, రాజలింగం అరచేతి గీతలతో సహా. కాత్యాయని వంగి ఆ గీతల మీద వేలు పెట్టి చూసింది. తర్వాత, "మరక లేదన్నారు?" అంది.

"బొట్టును మరక అంటరా ఎవరన్న?" అని మాణెమ్మ ఆశ్చర్యపోయిందట. ఆ ముక్కను ఇవ్వడానికి ససేమిరా అంది. బతిమాలగా బతిమాలగా, పని కాగానే తెచ్చి మళ్లీ అక్కడే పెడతానని పటం ముందు మాటిచ్చాక చేతిలో పెట్టింది.

ఆ ముక్కను నా కుడికంటికి అడ్డం పెట్టి, ముందు బిళ్ల పెట్టి పరీక్ష చేసింది. మెత్తటి కిరణాలు ఎంత పోవాలో అంతే పోయాయి, గట్టివి ఎంత రావాలో అంతే వచ్చాయి, ఆకాశంలో జరిగినట్టే. కాత్యాయని కుర్చీలో కూలబడి రెండు చేతులతో తల పట్టుకుని నవ్వింది. నాకు నవ్వు రాలేదు. ఇన్ని నెలలు నన్ను కోసి కారం పెట్టి, ఇప్పుడు నవ్వా?

నవ్వు ఆగాక ఆమెకు భయం పట్టుకుంది. ఈ సంగతి చెబితే పేపరు నిలబడుతుంది. కానీ రాజలింగం నలుగురిలో నవ్వులపాలవుతాడు. చెప్పకపోతే తీగల తప్పు ఆయన మీద అలాగే ఉండిపోతుంది. ఎటు చూసినా ఆ ముసలాయనకే దెబ్బ. సామాన్ల బల్ల దగ్గరికి పోయి ఆయన్ని నా దగ్గరికి పిలుచుకొచ్చింది. రేకు ముక్క చూపించి, మెల్లగా అంతా చెప్పింది.

ఆయన మొదట మండిపడ్డాడు. "ఏందమ్మా, నా బొట్టు అడ్డమొచ్చిందా? నేను బొట్టు వెట్టిన ఒక్క పెట్టె గూడ పగల్లే, తెలుసా మీకు? దేవుని మీద వెడ్తున్నరా మీ లెక్కలు?"

"దేవుడి మీద కాదు రాజలింగం గారూ. సీసం మీద. ఇటు చూడండి." ఆమె రేకు పెట్టి ఒకసారి, తీసి ఒకసారి నా చేత లెక్కపెట్టించింది. తెర మీద గీత లేచింది, పడింది. ఆయన చాలాసేపు చూశాడు. మళ్లీ పెట్టమన్నాడు, మళ్లీ తీయమన్నాడు. ఆయన మొహంలో కోపం మెల్లగా జారిపోయింది.

"అయితే ఒకటి జెప్పుండ్రి," అన్నాడు గొంతు తగ్గించి. "నా తీగలు మంచిగున్నయా, లేవా?"

"ఒక్కటి కూడా వదులు కాలేదు. అంత చలిలో కూడా."

ఆయన నా పక్కనే స్టూలు మీద కూర్చుని తువ్వాలుతో మొహం తుడుచుకున్నాడు. చాలాసేపు తుడుచుకుంటూనే ఉన్నాడు. నా విసుగంతా ఆ క్షణంలో ఎటు పోయిందో తెలియదు, ఆయన మీద జాలేసింది, ప్రేమ కూడా.

ఆఖరి సమావేశానికి నన్ను కూడా బల్ల మీదికి ఎక్కించారు. కాత్యాయని రేకు పెట్టి చూపించింది, తీసి చూపించింది. రేకు మీది సిందూరం తిన్న కిరణాలను లెక్కలో తిరిగి కలిపితే నా రెండు కళ్లూ ఒకే మాట చెప్పాయి. మినుకు రెండింటిలోనూ ఉంది, ఒకేసారి, ఒకేలా. ఎక్కువ శక్తి ఉన్న కిరణాల్లోనూ ఉంది. పేపరు పంపొచ్చని అందరూ తలలూపారు. ఆమె కళ్లు చెమర్చాయి, వెంటనే కాగితాలు సర్దుకోసాగింది.

చిదంబరరావు గారు అంతటితో ఊరుకుంటే ఆయన చిదంబరరావు ఎందుకవుతారు? "ఈ రేకు మీద ఉన్న పూత ఏమిటి? ఎవరు పూశారు? ఇంత నిర్లక్ష్యం ఎవరిదో రికార్డులోకి రావాలి" అన్నారు. ఆ రోజు కొబ్బరికాయ కొట్టిన సంగతి ఆయన పూర్తిగా మరిచిపోయారు.

కాత్యాయని గబుక్కున లేచింది. "సార్, అది మైదానం ఆనవాయితీ. అందరం అక్కడే ఉన్నాం, అందరిదీ బాధ్యత. పూతలో సీసం ఉందని మాత్రం రాస్తే చాలు. పేరు అక్కర్లేదు."

"పేరు లేకుండా ఎలా?"

తీగల విచారణ కోసమని పిలిపించిన రాజలింగం వెనక గోడ దగ్గర నిలబడి ఉన్నాడు. కాత్యాయని ఆయన వైపు చూడకుండా ఉండటానికి తంటాలు పడుతోంది. వద్దు, నోరెత్తకు అని ఆమె వీపే చెబుతోంది. ఆయన వినలేదు. జనాన్ని తప్పించుకుంటూ ముందుకొచ్చి నా పక్కన నిలబడ్డాడు. చెయ్యి నా మీద ఆనించాడు. మళ్లీ చెబుతున్నాను, అది వణకలేదు.

"బొట్టు నేనే వెట్టిన సార్," అన్నాడు. "తీగలు గూడ నేనే కట్టిన. రెండూ రాసుకోండ్రి."

చిదంబరరావు గారు కాసేపు ఆయన మొహంలోకి చూశారు. తర్వాత కళ్లద్దాలు కిందికి దించుకుని, రెండూ రాసుకున్నారు.